కుట్టకూడని చిరుగు

మెలాంతు అనే బోధకుడికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవాడు కాడు, పని చెప్పేవాడు. నీళ్ళు తోడమనేవాడు, గోడకు సున్నం వేయమనేవాడు, ఎక్కడో జ్వరంతో పడి ఉన్న మనిషి పక్కన కాసేపు కూర్చుని రమ్మనేవాడు. అందుకని ఆయన శిష్యుల్లో చాలామంది ప్రశ్నలు మింగేసేవారు. అది వినయం అనుకునేరు, కాదు, సున్నం అంటే బద్ధకం.

రోము పాలనలో ఉన్న ఒక రేవు పట్టణంలో సంగతి ఇది. క్రీస్తు సిలువ మీద చనిపోయి మళ్ళీ లేచాడని నమ్మేవాళ్ళు అక్కడ కొద్దిమందే ఉండేవారు. లేచిన తర్వాత ఆయన్ను కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోగా ఒక్క ముసలామె మిగిలింది. పేరు షెలోమి. గలిలయలో పుట్టి, ఎన్నో ఊళ్ళు తిరిగి, అయినవాళ్ళందరినీ పోగొట్టుకుని, చివరికి మెలాంతు ఇంట్లో వెనక గదిలో ఉండేది.

ఒక మధ్యాహ్నం నికాండ్రు అనే శిష్యుడు పాలిపోయిన ముఖంతో వచ్చాడు. ఇతను బట్టల వర్తకుడి కొడుకు. మరునాడు పొద్దున రోము అధిపతి ముందు హాజరు కావాలని అతనికి కబురొచ్చింది. నేను ఆ నమ్మకం వాణ్ణి కాను అంటే ఇంటికి పోవచ్చు. అవునన్నవాళ్ళు అంతవరకూ ఎవరూ తిరిగి రాలేదు.

"అయ్యా, చావంటే నాకు భయమే, దాచను. కానీ నేను చూడనిదానికి ప్రాణం ఇవ్వాలి, అది ఇంకా పెద్ద భయం. చూసినామె దగ్గరికి ఇప్పుడే వెళ్ళాను. సమాధి దగ్గర ఏం చూశావవ్వా అంటే, ఎవరి సమాధి అంది. వాళ్ళమ్మ అన్నానికి ఎప్పుడు పిలుస్తుందని నన్నే అడిగింది. మతి ఉన్న రోజుల్లో కూడా సమాధిలో కనిపించిన తెల్లబట్టల మనిషి ఒకడని ఒకసారి, ఇద్దరని ఒకసారి చెప్పింది. ముసలిది, ఆడది, మతి లేనిది, దాని మాట ఏ న్యాయస్థానంలో నిలుస్తుందిరా అని మా నాన్న అడుగుతున్నాడు. నేను ఎవరి మాట మీద నిలబడాలి?"

మెలాంతు పెరటి వైపు చూపించాడు. "ఆమె ఉన్ని పైవస్త్రం చిరిగి ఉంది. చలి మొదలైంది. నీకు కుట్టుపని వచ్చు కదా, కుట్టి పెట్టు" అన్నాడు.

రేపు ఉంటాడో పోతాడో తెలియని వాడికి చెప్పే పనేనా ఇది? నికాండ్రుకు ఒళ్ళు మండింది. అయినా సూదీ దారం తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. షెలోమి ఎండలో కూర్చుని ఉంది. వయసులో ఉన్నప్పటి పైవస్త్రం, బరువైన గొర్రె ఉన్నిది, ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది.

ఎడమవైపు ఛాతీ మీద రెండు చిరుగులు ఉన్నాయి. ఊడిపోకుండా దూరదూరంగా నాలుగు కుట్లు వేసి వదిలేసినవి. అంచులు ఏనాడో పీచు లేచిపోయాయి. నికాండ్రు ఒకదాన్ని దగ్గరికి లాగి సూది గుచ్చబోయాడు. ఆమె చెయ్యి చటుక్కున వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకు అబ్బాయీ. అది అమ్మది. పక్కది నాన్నది."

ఆ గొంతులో తడబాటు లేదు. అతను తెల్లబోయి చూస్తుంటే ఆమె చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "మావాళ్ళలో మనిషి పోతే గుండె దగ్గర బట్ట చించుకుంటాం. మిగతా చుట్టాలదైతే కొన్నాళ్ళకు కుట్టుకోవచ్చు. అమ్మదీ నాన్నదీ బోధకుడిదీ ఊడిపోకుండా నాలుగు కుట్లు వేసుకోవచ్చు గానీ, పూర్తిగా కుట్టకూడదు. మనం పోయేదాకా అలాగే ఉండాలి."

"తప్పయింది అవ్వా" అని అతను బట్ట సర్దబోయాడు. అప్పుడు లోపలివైపు వేలికి ఏదో గట్టిగా తగిలింది. తిప్పి చూశాడు. మూడో చిరుగు. మిగతా రెంటికంటే పొడవైనది, మెడ దగ్గర్నుంచి గుండె దాటి కిందిదాకా దిగింది. ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, నేతలో కలిసిపోయేలా కుట్టారు. పైనుంచి చూస్తే బట్టల వర్తకుడి కొడుకు కంటికే ఆనలేదు.

"ఇది ఎవరి కోసం చించుకున్నావవ్వా?"

"మా బోధకుడి కోసం. ఆయన సిలువ మీద పోయిన రోజున."

అతను ఆ కుట్టును వెలుగుకు పట్టి చూశాడు. చిరిగిన ఉన్ని కొన్నాళ్ళు అలా వదిలేస్తే పోగులు లేస్తాయి, అది అతనికి చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయం. ఇక్కడ ఒక్క పోగు లేవలేదు. చించిన కొద్ది రోజుల్లోనే, ఏడుపు ఆరకముందే, ఎవరో కూర్చుని ఓపిగ్గా కుట్టారు. కన్నతల్లి కోసం కూడా కట్టుబాటు తప్పని మనిషి, మతి పోయినా దాన్ని మరవని మనిషి, కుట్టింది. అడగాలంటే భయం వేసింది, అయినా అడిగాడు.

"బోధకుడి కోసం చించింది కుట్టకూడదన్నావు కదా."

"కుట్టకూడదు."

"మరి కుట్టావే?"

షెలోమి అతని ముఖంలోకి చూసి నవ్వింది. పళ్ళు లేని నోటితో, సిగ్గుపడే ఆడపిల్లలా నవ్వింది.

"చిరుగు కనిపిస్తే ఊళ్ళోవాళ్ళు అడుగుతారు గదా అబ్బాయీ, ఎవరు పోయారని. ఎవరి పేరు చెప్పను?"

ఆ మాటతో ఆమె కళ్ళలో వెలుగు ఆరిపోయింది. అమ్మ ఇంకా అన్నానికి పిలవలేదేం అని మళ్ళీ అడిగింది. నికాండ్రు పైవస్త్రాన్ని ఆమె భుజాల చుట్టూ కప్పి, ఆమె పాదాల దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాడు. ఎండ గోడ మీదికి పాకింది.

వాకిట్లో మెలాంతు అతని కోసమే నిలబడి ఉన్నాడు. సూదిలో ఎక్కించిన దారం అలాగే ఉండడం చూశాడు.

"రేపు వెళ్ళి అవునంటానయ్యా" అన్నాడు నికాండ్రు.

మెలాంతు అతని చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. "అక్కడ చూశానని మాత్రం అనకు నాయనా. వేలికి తగిలినంతే చెప్పు."