చీమల కాపలాలో తెల్లచొక్కా పిల్ల

ఒకప్పుడు చీమలు ఎదురెదురుగా వస్తే ఆగేవే కావు. దేని దారిన అది సర్రున దాటిపోయేది.

ఆ రోజుల్లో నూకరత్నం అనే ఆవిడకు కొబ్బరిచెట్ల నీడలో కోకో తోట ఉండేది. అందులో ఒక చెట్టుకు పిండినల్లి పట్టింది. పిండిలో పొర్లి వచ్చినట్టు తెల్లగా ఉంటుందే, ఆ పురుగు. కాయలోకి మూతి గుచ్చి రసం తాగడం, వెనకనుంచి తియ్యటి చుక్క వదలడం, దానికి అదే పని. కాయలేమో వడిలిపోతున్నాయి.

నూకరత్నం కత్తి చూపించింది. "పౌర్ణమి దాకా చూస్తానే చెట్టూ! ఈ పీడ తోటంతా అంటుకునేలోపు నిన్ను నరికి పొయ్యిలో పెడతా."

చెట్టు వెంటనే అక్షింతల పురుగును పిలిచింది. "అక్కా, నీకు పిండినల్లి అంటే ఇష్టం కదా! వచ్చి భోంచేసి పో."

"ఇష్టమేనమ్మా. ఆ కాపలా చూశావా మరి?"

నిజమే. తియ్యటి చుక్కల కోసం నల్లచీమలు చెట్టు చుట్టూ కాపలా కాస్తున్నాయి. వాటి దఫేదారుకు ఒళ్లంతా అనుమానమే. ఉడుత తుమ్మితే, "ఎవరికి సైగ చేశావ్?" ఆకు రాలితే, "కింద ఎవరో దాక్కున్నారు, తిరగేసి చూడండ్రా!" మంచుబొట్టును కూడా వదలడు. "ఏ ఊరు? ఎవరి తాలూకు?"

తెల్లగా ఉన్నవాళ్లను మాత్రం ఏమీ అడగడు. తెల్లగా ఉంటే మనవాళ్లే అని ఆయన లెక్క.

అక్షింతల పురుగు తన పిల్లకు ఒంటినిండా తెల్లపిండి పట్టించింది. "నోరు మాత్రం మెదపకే!" అని పంపింది.

"ఆగు!" అన్నాడు దఫేదారు. "ఇంత లావయ్యావేంటే?"

పిల్ల పలకలేదు.

"అయ్యో, ఇంకా మాటలు రాలేదు పాపం. ఒరేయ్, దీన్ని భద్రంగా పైకి దిగబెట్టి రండ్రా!"

రెండు చీమలు మోసుకెళ్లి మరీ దింపాయి. పిల్ల తినడం మొదలెట్టింది.

మూడో రోజుకి తియ్యటి చుక్కలు సగమయ్యాయి. దఫేదారు మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "కాపలా పేరు చెప్పి మీరే తాగేస్తున్నార్రా! ఏదీ, మూతి చూపించు!"

"నేను కాదు బాబోయ్, వీడు!"

"నేనా? నీ మీసాలు చూసుకో ముందు, జిగటగా ఉన్నాయి!"

ప్రతి చీమా ఎదురైన చీమను ఆపి మూతి వాసన చూడడమే. తెల్లపిల్ల వాటి పక్కనుంచే ఇంకో కొమ్మకు నడిచిపోయింది.

పౌర్ణమి రానే వచ్చింది. నూకరత్నం కాయలు తిప్పి తిప్పి చూసింది. అన్నీ నున్నగా ఉన్నాయి. "ఇందులో ఏదో మోసం ఉంది" అని గొణిగింది. అంతలో ఒక్క తెల్లటిది కనబడింది. "దొరికావే!" అని కత్తి ఎత్తింది.

తెల్లపిల్లకు అప్పుడొచ్చాయి మాటలు. "నేను అది కాదమ్మా! కావాలంటే చూడు!" అంటూ తొడిమ సందులో దాక్కున్న ఆఖరి పిండినల్లిని లాగి కరకర నమిలేసింది.

నూకరత్నం కత్తి దించింది. చుట్టూ చూసి, గుసగుసగా అంది: "పెద్దయ్యేదాకా ఆ చొక్కా విప్పకే తల్లీ."

అప్పటినుంచే ఆ అక్షింతల పురుగు పిల్లలు తెల్లచొక్కాలు వేసుకుని తిరుగుతున్నాయి. అప్పటినుంచే చీమలు ఎదురైన ప్రతి చీమనూ ఆపి, మీసాలతో తడిమి, మూతి చూసిగానీ వదలడం లేదు. దొంగ ఇంకా దొరకలేదు మరి!