తిట్ల రేవు

కూర్మయ్యగారికి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎటో బయలుదేరతారు. శిష్యుడు గౌరీపతిని పెంచిన మేనత్త జబ్బుపడి, ఒకసారి చూడాలని ఉందని కబురు పెట్టినప్పుడూ అదే జరిగింది.

“అది ముట్టుకోకు, ఇటు వెళ్ళకు అని తిట్టడమే తప్ప మా అత్త నాకు చేసిందేముంది? ఆమెకు నేనేం రుణపడ్డానండీ?” అని అడిగాడతను.

“మీ మేనత్త ఊరు ఏటి దిగువనేగా, తెప్ప మీద పోదాం” అంటూ గురువుగారు లేచారు. ఆయనకు ఆ ఏరు కొత్త కాదు. గౌరీపతికి తెప్ప కొత్త, ఉత్సాహం మాత్రం పాతదే.

అరటిబోదెల తెప్ప, గడ అతని చేతిలోనే ఉంది. నీళ్ళు ఒక్క మడత లేకుండా నున్నగా సాగుతున్నాయి. ఇంతలో రేవులో బట్టలుతుకుతున్న పైడమ్మ అనే ఆవిడ నడుం ఎత్తి, “ఒరే సచ్చినోడా, కళ్ళు నెత్తికెక్కినాయా? తెప్ప ఒడ్డుకి లాగరా” అని అందుకుంది. ఆ రేవువాళ్ళకు అదొక ఆచారం. పైనుంచి తెప్ప కనబడితే చాలు, వచ్చేది ఎవరైనా సరే తిట్టాల్సిందే. మర్యాదగా చెబితే నవ్వి, చెయ్యూపి పోయేవాళ్ళను చూసి చూసి పెద్దలు పెట్టిన ఆచారమది.

గౌరీపతికి ఒళ్ళు మండింది. గడ ఇంకా గట్టిగా వేశాడు. గురువుగారు ఆ గడ పట్టుకుని, “ముందు ఒడ్డెక్కు నాయనా, కోపం తరవాత పడుదువుగాని” అన్నారు.

తెప్ప మోసుకుంటూ ఒడ్డున కొంచెం నడిచాక తెలిసింది, ఏటికి అడ్డంగా ఆనకట్ట ఉందని. పొలాలకు నీళ్ళు మళ్ళించే పొట్టి గోడ. మనిషి నడుమెత్తైనా ఉండదు, పైనుంచి వచ్చేవాడికి అసలు కనబడదు. “ఇంతేనా” అన్నాడు గౌరీపతి. తెప్పను మోయడం దేనికి, దిగువన పట్టుకోవచ్చని నీళ్ళలోకి వదిలేశాడు. గురువుగారు వద్దనలేదు.

తెప్ప గోడ దాటి దిగింది గాని ముందుకు పోలేదు. గోడ కింద నీళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి. తెప్పను ముంచి, తేల్చి, మళ్ళీ గోడకేసి లాక్కున్నాయి. కట్లు తెగాయి. బోదెలు విడివిడిగా అక్కడే దొర్లుతున్నాయి, ఒక్కటీ దిగువకు రాలేదు. వాటిలో తాను కూర్చున్న బోదె ఏదో గౌరీపతి గుర్తుపట్టాడు.

వెనక్కి పరుగున వెళ్ళి పైడమ్మకు దండం పెట్టాడు. “నువ్వు తిట్టకపోతే నేను లేనమ్మా” అన్నాడు. కళ్ళు చెమర్చాయి.

“దండాలెందుకు బాబూ. ఒడ్డెక్కినావు, అదే సాలు” అని ఆవిడ మళ్ళీ బట్టలకేసి తిరిగింది.

గురువుగారు ఉత్తరీయం భుజాన వేసుకున్నారు. “పద నాయనా, మీ మేనత్త ఊరు ఇంకా దూరం” అన్నారు. “ఈవిడ నిన్ను తిట్టింది ఒక్కసారే.”