వెదురు కణుపులోని తెల్లముక్క

భానోజీ సిలికాలోకి పల్లాడియం లోహం ఎక్కించడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. ఆ తెల్లని పొడి నిండా కంటికి కనిపించని సొరంగాలుంటాయి. వాటి గోడలకు అంటిన లోహం రసాయన చర్యను వేగంగా నడిపించి, తాను మాత్రం చెక్కుచెదరకుండా మిగలాలి. వడకట్టి, కడిగి, మళ్ళీ వాడుకోవాలి. పదిసార్లు పనిచేస్తే అతని పరిశోధన నిలుస్తుంది. మూడోసారికే చతికిలబడుతోంది. ఫెలోషిప్ మూడు నెలల్లో ముగుస్తుంది.

పనితనం తగ్గినప్పుడల్లా అతను లోహం పెంచాడు. ఈసారి ఐదింతలు చేశాడు. నల్లబడిన ఆ పొడిని సీసాలో పట్టుకుని ఆచార్య ఇందుమతి గారి గదికి వెళ్ళాడు. మొదటి వాడకంలోనే సగం పని కూడా చేయలేదనీ, సిలికాయే నాసిరకమనీ చెప్పాడు.

"నా లోపం లేదు మేడమ్. పట్టినంతా నింపాను."

"అది నమ్ముతాను," అన్నారావిడ.

సొరుగులోంచి చింతగింజంత తెల్లముక్కలు రెండు తీశారు. ఒకదాన్ని కరిగించిన మైనంలో ముంచి ఆరబెట్టారు.

"వంశలోచనం. వెదురు కణుపులో గడ్డకట్టే సిలికా. ఒకప్పుడు పడమటి రేవుల్లో అరబ్బు నౌకలెక్కిన మందు. దాని మహిమల మీద నాకు నమ్మకం లేదు. నాలుక చాపు."

మైనం లేని ముక్క నాలుకను తాకగానే కరుచుకుంది. అతను ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది.

"కాసేపు అలాగే ఉండు. సెమినార్లలో ఎలాగూ ఆగవు."

దాన్ని తీసి మైనం ముక్క పెడితే నాలుక మీంచి జారి అరచేతిలో పడింది.

తర్వాత రెండింటినీ నీళ్ళ గ్లాసులో వేశారు. సొరంగాల నోళ్ళు మూసుకుపోయిన మైనం ముక్క నుంచి ఒక్క బుడగ రాలేదు. రెండోదాని ఒంటినిండా సన్నని బుడగలు పుట్టి, దారాలుగా పైకి లేచాయి. భానోజీ లెక్కపెట్టబోయి ఓడిపోయాడు. గ్రాము సిలికా లోపలి గోడలు పరిస్తే రెండు టెన్నిస్ కోర్టులు నిండి ఇంకా మిగులుతుందని అతను ప్రతి ప్రసంగంలోనూ చెప్పేవాడు. ఆ మైదానాల మీది గాలి ఇప్పుడు అతని కళ్ళముందు లేస్తోంది.

ముక్క తెల్లదనం అంచుల నుంచి తొలగుతూ వచ్చింది. చివరికి నీళ్ళలో నీరులా ఉండిపోయింది. అతను గ్లాసును కిటికీ వెలుగుకు పట్టి వెతకవలసి వచ్చింది.

ఆవిడ దాన్ని తీసి కాగితం మీద ఉంచారు. భోజనం చేసి వచ్చేసరికి మళ్ళీ సుద్దలా తెల్లగా ఉంది.

"మళ్ళీ వెయ్యి," అన్నారు.

వేశాడు. మళ్ళీ అవే బుడగలు. మళ్ళీ మాయమైంది. మూడోసారి ఆవిడ చెప్పకుండానే ఆరబెట్టాడు.

మర్నాడు ఉదయం ఇందుమతి గారు ప్రయోగశాలకు వచ్చేసరికి అతను కొత్త సిలికా ముందు కూర్చుని పల్లాడియం లవణం తూస్తున్నాడు. త్రాసు పళ్ళెంలో నాలుగైదు పలుకులు మాత్రమే ఉన్నాయి.

"ఇంకా పడుతుందిగా?"

"పడుతుంది మేడమ్," అని భానోజీ లవణం సీసాకు మూత బిగించాడు.