తిరుపతమ్మ చోటు

మా గురువుగారు పరదేశయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు వాళ్ల చేతులు చూసేవారు. కొత్తగా వచ్చినవాళ్లు జాతకం చెబుతారేమో అనుకుని అరచేతులు చాపి, గీతలు బాగా కనబడాలని దీపం దగ్గరికి జరిగేవాళ్లు. పరదేశయ్యగారికి హస్తసాముద్రికం రాదు. వచ్చని ఆయన ఏనాడూ అనలేదు కూడా. చేతులు చూసి, "ఊఁ" అని, ఏదో ఒక పని చెప్పేవారు. ఆ పని చేసుకుని తిరిగొచ్చేసరికి ప్రశ్న మిగిలితే మిగిలేది, లేకపోతే లేదు. ఆయన పాదాల దగ్గర కూర్చున్న ఇన్నేళ్లలో ఒక్క ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పగా నేను వినలేదు.

ఈ పూట ఆ చేతుల సంగతే చెప్పాలనుకుంటున్నాను. వెనక కూర్చున్న తల్లులు కాస్త ముందుకి జరగండి, ఇది మీ కథ. అయ్యలు కూడా లేచి వెళ్లకండి, చివర్లో మీకూ పని పడుతుంది.

గుంటూరు దాటాక మిరపకాయల గోడౌన్లు వరసగా ఉండే రోడ్డు పక్కన ఉండేది మా గురువుగారి మందిరం. మందిరమంటే పెద్దగా ఊహించుకోకండి, రేకుల షెడ్డు, ఒక దీపం, నాలుగు చాపలు. వేసవిలో గాలి గోడౌన్ల వైపు నుంచి తిరిగిందంటే మా భజనలో సగం తుమ్ములే. భగవంతుడు అవి కూడా లెక్కలో వేసుకుంటాడులెండి అనేవారు గురువుగారు.

శిష్యుల్లో శేషఫణి అని ఒకాయన ఉండేవాడు. మందుల షాపు యజమాని, మనసు మంచిది. ప్రతి బుధవారం ఆ పక్క ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకి టీకాలు వేస్తారు. ముందురోజు సాయంత్రం ఈయన షాపు కట్టేసి, గోడౌన్ల వెనక కూలీల వీధిలో ఇల్లిల్లూ తిరిగి తల్లులకి గుర్తుచేసి వచ్చేవాడు. ఎవరూ అడిగింది లేదు, ఆయన ఆశించిందీ లేదు. జపమాల ఎంత భక్తిగా తిప్పేవాడో ఆ వీధిలోనూ అంత భక్తిగా తిరిగేవాడు.

ఒక గురువారం సత్సంగంలో ఆయన లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, డబ్బు పెట్టి కొనుక్కోమంటే లేదంటారు, అది నాకు అర్థమవుతుంది. ఉచితంగా, ఇంటి పక్కకే తెచ్చి ఇస్తామంటే వద్దనేవాళ్లని ఏమనుకోవాలి? మీరు దైవకృప గురించి చెప్పినప్పుడల్లా నాకు ఆ వీధే గుర్తొస్తోంది."

ఎవరి గురించి ఈ బాధ అని అడిగారు గురువుగారు. తిరుపతమ్మ అని ఒక తల్లి గురించట. మిరపకాయల తొడిమలు తీసే పని. ఆమె పాప చందనకి నెలన్నరకి వేసే టీకా ఆయనే దగ్గరుండి వేయించాడు. రెండున్నర నెలలకి వేసేదానికి రమ్మంటే రాదు. ఆమె రాకపోవడం చూసి వీధిలో మిగతా తల్లులూ ఆగిపోయారు. పక్క ఊళ్లో అప్పటికే ఒక పసివాణ్ణి కోరింత దగ్గుతో పెద్దాసుపత్రికి మోసుకెళ్లారు. ఆ దగ్గు ఈ వీధికి వస్తే ఈ పాపకి ఉన్న రక్షణ చాలదు.

"మీ మాటంటే వాళ్లకి గురి, గురువుగారూ. మీరొక్క మాట చెబితే వస్తారు."

గురువుగారు ఆయన చేతులు పట్టుకుని దీపం దగ్గరికి తెచ్చి చూశారు. "మెత్తగా ఉన్నాయి" అన్నారు.

"షాపులో పనే అలాంటిది కదండీ" అని సిగ్గుపడ్డాడు శేషఫణి.

"మొదటిసారి ఆమెకి ఏం చెప్పి తీసుకెళ్లావు?"

"ఏమీ కాదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది అంతే అన్నాను."

"జ్వరం రాదూ?"

"చాలామందికి వస్తుందండి. కాలు కాస్త వాస్తుంది కూడా. ఒకటి రెండు రోజుల్లో పోతుంది, భయమేం లేదు. ఆ రోజు నర్సమ్మ చెప్పబోతే నేనే అడ్డుపడ్డాను. ముందే జ్వరమంటే వెనక్కి పోతారని."

"మీ మనవడికి ఎక్కడ వేయించావు?"

శేషఫణి కొంచెం తడబడ్డాడు. "టౌనులోనండి. జ్వరం పెద్దగా రాని రకం ఒకటుంటుంది. రక్షణ ఒకటే. అది ప్రైవేటులో, కొంచెం ఖరీదు."

"అయితే జ్వరానికి ఖరీదు ఉందన్నమాట" అన్నారు గురువుగారు. మర్నాడు సాయంత్రం తనని ఆ వీధికి తీసుకెళ్లమన్నారు. నేనూ వెంట వెళ్లాను.

మేం వెళ్లేసరికి తిరుపతమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని చేతులు కడుక్కుంటోంది. ముందు సబ్బు, తరవాత పులిసిన మజ్జిగ, తరవాత కొబ్బరినూనె. లోపల పాప పాలకి ఏడుస్తోంది. ముసలత్త ఒళ్లో వేసుకుని ఊపుతోంది గానీ పిల్ల ఊరుకోవడం లేదు. తల్లి రొమ్ములు పాలతో బరువెక్కి రవిక తడుస్తోంది, అయినా ఆమె లేవదు. చేతులు మొహం దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటుంది, మళ్లీ మజ్జిగలో ముంచుతుంది. మిరపకాయ చేత్తో పసిపిల్లని ముట్టుకోకూడదు గదా.

"ఏంది షాపన్నయ్యా, నీ మాట చాలలేదని ఇయాళ స్వామినే ఎంటబెట్టుకొచ్చావా?" అంది తల ఎత్తకుండా.

గురువుగారు గడప మీద కూర్చున్నారు. టీకా మాట ఎత్తలేదు. ఆ రోజు ఏం జరిగిందమ్మా అన్నారు.

"ఏమీ కాదన్నాడు స్వామీ ఈయన. రాత్రికి పిల్ల కుంపటైపోయింది. నర్సమ్మ ఏదో చుక్కల మందిచ్చింది గానీ, ఏమీ కాకపోతే మందెందుకులే అని నేను ఆ సీసా ఇప్పలేదు. తెల్లారి పనికి పోయా. మజ్జేనం పాలియ్యడానికొచ్చి కంగారులో చేతులు సరిగా కడగకుండానే తొడ మీద వాపు తడిమా. పిల్ల గుక్క తిప్పుకోలేదు. మందులో దోషమో నా చేతుల్లో దోషమో నాకు తెలవలా. ఇంక ముట్టుకోబుద్ధి కాలా. పనికి పోకుండా ఉండిపోయా. మర్నాడు పోతే నా చోట్లో ఇంకో ఆమె కూచోనుంది. మళ్లీ చోటు దొరికేటప్పటికి వారం పట్టింది."

గురువుగారు శేషఫణి వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకుని, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జ్వరం వస్తుంది, కాలు వాస్తుంది, నర్సమ్మ చెప్పినట్టు చుక్కలు వేయాలి, పాలు మానకూడదు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, తగ్గకపోతే ఆసుపత్రికి తేవాలి. మందులో దోషం లేదు, లోపల పని జరుగుతున్నట్టు గుర్తు. ఇది మానేస్తే వచ్చే దగ్గుకి మాత్రం ఆ చుక్కలు చాలవు.

"ఇదంతా అప్పుడే చెప్పకపోయావా?"

"చెబితే రావనుకున్నానమ్మా."

"చెప్పకపోతే వచ్చా. ఇప్పుడు రానంటన్నా. ఏది మేలు?"

తిరుపతమ్మే మళ్లీ అంది, ఈసారి మెత్తగా. "సరే అన్నయ్యా, జరమొస్తదని తెలిసింది, దిగులు తీరింది. మా అత్తకి చూపు ఆనదు, చుక్కలెయ్యలేదు. జరమొచ్చిన పిల్ల నా రొమ్ము తప్ప పట్టదు. మా ఆయన యార్డులో బస్తాలు మోసేవాడు, ఈ సీజన్లో ఇంటి మొహమే చూడడు. నేనుండాల. మరి నా చోటు?"

"ఆ రోజు కూలి నేనిస్తానమ్మా" అన్నాడు శేషఫణి వెంటనే.

"కూలిస్తే కూలొస్తది. చోటొస్తదా? మేస్త్రి నే కూచునే గోనెపట్టా ఖాళీగా చూస్తే ఇంకోళ్లని కూచోబెడద్ది. ఆమె తప్పు కూడా కాదులే, ఆమెకి లోడు వెళ్లాల. నా పట్టా మీద మనిషుండాల."

గురువుగారు లేచి పంచె దులుపుకున్నారు. "మనిషే కదమ్మా కావలసింది. ఉన్నాడుగా" అని శేషఫణి భుజం మీద చెయ్యి వేశారు.

బుధవారం చందనకి టీకా అయింది. గురువారం పొద్దున్నే మందుల షాపు యజమాని శేషఫణి, తలకి తువ్వాలు, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గోడౌన్లో ఆడవాళ్ల మధ్య తిరుపతమ్మ గోనెపట్టా మీద కూర్చున్నాడు.

ముఠా మేస్త్రి ఆదిలక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసిందట. "అయ్యా, మాత్తర్లు లెక్కపెట్టినట్టు ఒక్కోటి పట్టుకుంటే ఈ రాశి దసరాకి కూడా అవదు. బొటనవేలితో నొక్కి తుంచాల. ఆఁ, అట్టా."

పక్కపట్టా మీద కూర్చున్నామె మాట అందుకుంది. "తిరపతమ్మా, నీకు గడ్డం ఎప్పుడొచ్చిందే?"

గోడౌనంతా నవ్వు. శేషఫణి కూడా నవ్వబోయి తుమ్మాడు. తుమ్మి కన్ను నలుపుకున్నాడు. ఇంక ఆయన అవస్థ అడక్కండి. ఇద్దరు ఆడవాళ్లు లేచి ఆయన మొహాన నీళ్లు కొట్టారు. "ఎక్కడికి పోయినా సరే, పోయే ముందు చేతులు బాగా కడుక్కో అన్నయ్యా" అని ఒక పెద్దావిడ మరీ మరీ చెప్పింది. ఎందుకు చెప్పిందో నేనిక్కడ ఇంతమంది పెద్దల ముందు వివరించను. ఆయన వినలేదన్నది మాత్రం నిజం.

సాయంత్రానికి తిరుపతమ్మ తీసేదాంట్లో సగం కూడా తీయలేదు. ఆదిలక్ష్మి తూకం చూసి నిట్టూర్చి, "చోటైతే నిలిచింది పో" అంది.

అక్కడి నుంచి ఆయన నేరుగా తిరుపతమ్మ ఇంటికి నడిచాడు. ఆ తరవాతి సంగతి ఆయన నోటి వెంటే నేను విన్నాను. పాప మధ్యాహ్నమంతా కాగి, చుక్కలు వేశాక కొంచెం చల్లబడింది, కానీ చిరాకుగా ఏడుస్తోంది. తిరుపతమ్మ భుజం మీద వేసుకుని తిప్పుతోంది. ఆమె మొహం పీక్కుపోయి ఉంది, భయం మాత్రం లేదు. పొయ్యి మీద నీళ్లు పొంగాయి. "అన్నయ్యా, ఒక్క నిమిషం పిల్లని పట్టుకో" అంటూ ఆమె పాపని చాపింది.

శేషఫణి చేతులు వాటంతటవే ముందుకి వచ్చాయి. అంతలోనే ఆయనకి మంట గుర్తొచ్చింది. చేతులు వెనక్కి లాక్కుని వీపు వెనక కట్టుకున్నాడు. ఎదురుగా అరచేతంత జ్వరపు పిల్ల ఏడుస్తోంది, ఎత్తుకోమని కాళ్లు తన్నుతోంది. షాపులో జ్వరానికి మందులు ఎన్ని రకాలో ఆయనకి తెలుసు. ఆ పిల్లని మాత్రం ముట్టుకోలేడు. గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

తిరుపతమ్మ ఒక చేత్తో పిల్లని పట్టుకుని, రెండో చేత్తో గిన్నె దించుకుంది. అప్పుడు చూసింది ఆయన్ని.

"ఆ రోజు నేను కూడా సరిగ్గా అక్కడే నిలబడ్డా అన్నయ్యా" అంది. తరవాత మజ్జిగ ముంత ఆయన ముందుకి జరిపింది.

ఆ సాయంత్రం సత్సంగానికి శేషఫణి ఆలస్యంగా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మజ్జిగ వాసన వేస్తున్నాడు. చివర్న కూర్చున్నాడు. ఏదైనా అడుగుతాడేమోనని మేమంతా చూశాం, అడగలేదు. గురువుగారే పిలిచి ఆయన చేతులు అందుకున్నారు. వేళ్లు వాచి, గోళ్ల చుట్టూ చర్మం కందిపోయి ఉంది. చాలాసేపు పట్టుకున్నారు. "పిల్ల?" అన్నారు.

"తగ్గుతోందండి. ఇందాక పాలు తాగి నిద్రపోయింది. మూడున్నర నెలలకి వేసేదానికి తనే వస్తానంది. వీధిలో ఇంకో ముగ్గురు తల్లులు అడిగారు గురువుగారూ. జ్వరం వస్తుందని ఉన్నదున్నట్టు చెప్పాను. వచ్చే బుధవారం పిల్లల్ని తెస్తామన్నారు. ఆ మర్నాడు గోడౌన్లో మూడు పట్టాలు ఖాళీ అవుతాయి. నేనొక్కణ్ణే."

గురువుగారు తల తిప్పి మావైపు చూశారు. ఆయన ఏం చూస్తారో మాకు తెలుసు కదా. ఒకరు కండువా సర్దుకున్నారు, ఒకరు తాళాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు, నా చేతులు చాప కింద ఏదో వెతకడం మొదలుపెట్టాయి. బయట గాలి తిరిగింది, ఎవరో తుమ్మారు.

గురువుగారు అప్పుడు, మాకు తెలిసి మొదటిసారి, తన చేతులు రెండూ తనే దీపం దగ్గరికి తెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి మేం నీళ్లు తోడి, పళ్లేలు కడిగి, విభూతి అందించి చూసుకున్న చేతులు అవి. తిప్పి చూశారు, మళ్లీ తిప్పి చూశారు.

"ఇవి కూడా మెత్తగానే ఉన్నాయి, శేషఫణీ" అన్నారు.