వెనక మోగిన తంబుర

పద్మనాభానికి ఏ స్పీకర్లూ నచ్చడం లేదు. ఏడాదిలో మూడు జతలు మార్చాడు. షాపాయన ఇతన్ని దూరం నుంచి చూస్తేనే టీ తాగే పని పెట్టుకుంటున్నాడు.

పాటగాడు. ముప్పై ఏళ్లు కచేరీలు చేశాడు. ఆ ముప్పై ఏళ్లూ అతని వెనక కూర్చుని తంబుర మీటింది భార్య వకుళ. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటి నుంచి అతను పాడలేదు.

మిగిలింది కాకినాడ కచేరీ రికార్డు ఒక్కటి. అందులో అతను గొంతెత్తే ముందు రెండు నిమిషాల సేపు తంబుర ఒక్కటే మోగుతుంది. తీగ కింద సన్నటి నూలుపోగు సరైన చోట దూరిస్తే తంబురకి ప్రాణం వస్తుంది, తీగంతా జుమ్మంటుంది. ఆ పోగు సర్దడానికి వకుళ పెట్టింది పేరు. ఇప్పుడా జుమ్మనడమే ఏ స్పీకర్లోనూ రావడం లేదు. సన్నటి ధ్వనుల్ని పెంచే ట్రెబుల్ తిప్పితే తన గొంతు కీచుమంటోంది గానీ తంబుర పలకడం లేదు.

చివరికి నాలుగో జత కారులో వేసుకుని అమలాపురంలో గురువు గారింటికి వెళ్లాడు. అవధానులు గారికి ఎనభై ఎనిమిదేళ్లు. ఒక చెవి బొత్తిగా పోయింది, రెండో చెవికి మిషను. అయినా శ్రుతి మాటొస్తే ఆయన తర్వాతే ఎవరైనా.

రెండు స్పీకర్ పెట్టెలూ ఎదురుగా పెట్టి రికార్డు వేశాడు.

“ఎలా ఉందండీ?”

“నన్నడుగుతావేంట్రా చెవిటాణ్ణి? ఆ మూలనున్న తంబుర ఇలా పట్టుకురా.”

ఆయన తంబుర ఒళ్లో పెట్టుకున్నారు. కుండ వైపు కండువా కప్పి, వేళ్లతో తడుముతూ పోగులు సర్దారు. మీటడం మొదలుపెట్టారు. పద్మనాభం కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి గురువు గారు అన్నారు. “మధ్యలో పోగులు లాగేశాను. ఎప్పుడు లాగానో చెప్పు.”

పద్మనాభం కళ్లు తెరిచాడు. నాలుగు నూలుపోగులూ ఆయన అరచేతిలో ఉన్నాయి. అతనికి ఏ తేడా తెలియలేదు. ఒకప్పుడు వీధి గుమ్మంలోంచే తంబుర బాగోగులు చెప్పగలిగినవాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా పెదవి కొరుక్కున్నాడు.

“అయితే లోపం పెట్టెల్లో లేదన్నమాట.”

“ఆ సన్నటి జుమ్మనడం వినపడ్డం నాకూ నీ వయసులోనే పోయిందిరా. చాలాకాలం తంబుర చేసినవాణ్ణి తిట్టుకున్నాను.”

“ఇక వకుళ నాకు వినపడదాండీ?”

గురువు గారు తంబుర పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచారు. రెండు పెట్టెల్లో ఒకదాన్ని నేల మీద ఈడ్చడం మొదలుపెట్టారు. పద్మనాభం గాభరాగా లేవబోయాడు.

“కూర్చో. కచేరీలో కూర్చున్నట్టు కూర్చో.”

బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన పెట్టెను అతని వీపుకి ఆనేలా తెచ్చి పెట్టారు.

“ఇప్పుడు వెయ్యి.”

పద్మనాభం రిమోటు నొక్కాడు.

మొదట ఏమీ కొత్తగా అనిపించలేదు. తర్వాత నాలుగో తీగ, అన్నిటికన్నా కింది స్వరమైన మంద్ర షడ్జం, పెట్టె చెక్కలోంచి అతని వీపులోకి దిగింది. ఆగింది. మూడు తీగల సేపు ఏమీ లేదు. మళ్లీ దిగింది. అదే నడక. తొందర లేదు, జాగు లేదు. ఎన్ని వందల కచేరీల్లో ఆ నడక మీద ఆనుకుని పాడాడో, ఆనుకున్నానని ఒక్కనాడూ అనుకోలేదు. చప్పట్లప్పుడు మృదంగం వైపు చూసేవాడు, వయొలిన్ వైపు చూసేవాడు.

ఉన్నట్టుండి తల వెనక్కి తిప్పబోయాడు.

“ఇప్పుడెందుకురా?” అన్నారు గురువు గారు మెల్లగా.

మెడ అక్కడే ఆగిపోయింది. కన్నీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు.

రెండు నిమిషాలు గడిచాయి. రికార్డులో ఎవరో దగ్గారు. అందులోనే పద్మనాభం గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. ఇంకో క్షణంలో పాట అందుకుంటాడు.

పద్మనాభం రిమోటు నొక్కి ఆపేశాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.