బందెలదొడ్డి గోడకు బొక్క

ఒక అడవిలో జంతువులకూ బందెలదొడ్డి ఉండేది. పరాయి చేలో పడి మేసినవాళ్ళు ఒక రోజు అందులో ఉండి పోవాలి. కాపలా నక్కది. ఆ కొలువు దానికి ఎలుగుబంటి పెద్దాయన ఏ నిద్రమత్తులో ఇచ్చాడో మరి!

కుందేళ్ళ పెసరచేలో మేసిందని ఒక గేదెను తెచ్చి పెట్టారు. తప్పు తనదేనని ఒప్పుకుని అది లోపలికి నడిచింది. రోజు గడిచింది. తడిక బయట దూడ ఆకలితో ఒకటే అరుపు. గేదె గబగబా వచ్చేసరికి నక్క అడ్డం నిలబడింది.

"ఎక్కడికమ్మా? గోడకు అంత బొక్క పెట్టావు, దాని సంగతేంటి?"

"నేనొచ్చేటప్పటికే ఉంది కదయ్యా!"

"అందరూ చెప్పే మాటే. దొడ్డిలో ఎవరు పాడుచేసింది వాళ్ళే కట్టుకోవాలి. పెద్దాయన పెట్టిన రూలు. నష్టం తీరేదాకా పూటపూటా నాకు పాలిస్తూ ఇక్కడే పడుండు."

"బయట నా బిడ్డ..."

"అది నీ గొడవ."

మూలనున్న గాడిద దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, నేనూ ఆ బొక్కకే కడుతున్నా, నక్క ఇంటికి కట్టెలు మోసి. నాకు ముందు మేక కూడా దానికే కట్టిపోయిందట."

గేదెకు ఒళ్ళు మండింది. అయినా నక్కతో వాదన పెట్టుకోకుండా గొంతెత్తి పిలిచింది. "పెద్దయ్యా! ఒక్కసారి ఇలా రా! నష్టం కట్టేస్తున్నా!"

మూతికి అంటిన తేనె తుడుచుకుంటూ ఎలుగుబంటి వచ్చాడు.

"ఈ బొక్క నేనే పెట్టానంటోంది నక్క. ఇప్పుడే పూడ్చేసి పోతా. మట్టి తొక్కడం నాకు రాని పనా?" అంటూ గేదె బురదగుంటలో దిగింది. గాడిద హుషారుగా రాళ్ళు ఏరసాగింది.

నక్క పరుగున వచ్చి బొక్కకు అడ్డం నిలబడింది. "ఆగాగు! పూడ్చొద్దు! పాలిస్తే చాలు!"

ఎలుగుబంటి చెయ్యి మూతి దగ్గరే ఆగిపోయింది. "గోడ బాగుపడితే నీకేంట్రా నొప్పి?"

"అంటే... ఆమెకెందుకు శ్రమ, తర్వాత నేనే చేయిద్దామని..."

"మేక కట్టినప్పుడు చేయించలేదేం? నేను కట్టెలు మోసినప్పుడు చేయించలేదేం?" అని గాడిద నిలదీసింది. "ఒక్క బొక్కకి ఎంతమందిమి కట్టాలి?"

"మరి నువ్వేమీ పాడుచేయలేదా?" అని గేదెను అడిగాడు ఎలుగుబంటి.

"చేశాను పెద్దయ్యా. కొమ్ము తగిలి నీళ్ళతొట్టి అంచు విరిగింది. మట్టి మెత్తి సరిచేశాను. అసలు జరిగిన నష్టం ఈ నక్క కంటికి ఆననే లేదు."

ఎలుగుబంటి నక్క చెవి పట్టుకున్నాడు. "నా రూలు మంచిదే. పాడుచేసినవాళ్ళే బాగుచేయాలి. ఈ దొడ్డి పేరు పాడుచేసింది నువ్వు. దిగరా గుంటలోకి, ఆ బొక్క నువ్వే పూడ్చు!"

నక్క మెడలోతు బురదలో మట్టి తొక్కింది. "ఇంకాస్త మెత్తగా తొక్కు బావా!" అని గట్టు మీంచి గాడిద పురమాయించింది. గేదె తలెత్తుకుని తడిక దాటింది. దూడ ఎగిరొచ్చి పొదుగు కుమ్మి కుమ్మి తాగుతుంటే అడవంతా ఈలలే ఈలలు.

నీతి: నష్టానికి కట్టించుకుంటూ, బాగుచేస్తానంటే అడ్డుపడేవాడు ఆ నష్టం మీదే బతుకుతున్నాడు.