కాపలావాడి నిద్ర

ఇందులో ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండొచ్చు. సభలో దండలు వేసింది పద్యానికి ముందా తర్వాతా అని ఎవరైనా గట్టిగా అడిగితే ఇప్పుడు చెప్పలేను. జరిగిన సంగతి మాత్రం ఇదే.

పెంచలయ్య అయ్యవారు నెల్లూరులో నలభై ఏళ్లు నాటకాలకు హార్మోనియం వాయించారు. పెద్దవయసులో మూలాపేటలోని తన ఇంటి వసారాలో కూర్చుని పద్యం నేర్పేవారు. ప్రశ్న అడిగితే నేరుగా జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. హార్మోనియం తిత్తి మూసి, పెట్టె మీద మోచేతులు ఆనించి, ఎప్పుడో ఎక్కడో జరిగిన ఒక సంగతి చెప్పేవారు. అర్థం కాలేదని మర్నాడు వచ్చి అడిగినవాళ్లతో, "నిన్నటిదే ఇంకా నమల్లేదు గదా నాయనా, ఇంకో ముద్ద ఎందుకు?" అనేవారు.

ఆయన శిష్యుల్లో ఇండ్ల పోలయ్యకున్న గొంతు ఇంకెవరికీ లేదు. యానాది తెగవాడు, పాతికేళ్లవాడు, చంకలో బిడ్డ ఉన్న సంసారి. అతను పాడుతుంటే విని మద్రాసు నుంచి ఒక సినిమా మేనేజరు వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చినవాడు ఇస్తానన్నది పద్యం పాడే వేషం కాదు. కథానాయకుడు పొలం గట్టున నడిచి వస్తుంటే ఎదురుపడే యానాదివాడి వేషం. ఏం తిన్నావురా అని అడిగినప్పుడల్లా మొలలోంచి ఎలుకను తోక పట్టి తీసి చూపించాలి, చూసినవాళ్లు నవ్వాలి. పాలెంలో పెద్దలు ఆ సంగతి విని, ఆ వేషం వేస్తే మళ్లీ పాలెంలో అడుగు పెట్టొద్దన్నారు. భార్య మాత్రం, ముందు లోపలికి పో, రాజు వేషం తర్వాత అడగొచ్చు అంది. మేనేజరు మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతాడు. ఆ ఉదయం పోలయ్య పద్యం ఎత్తుకోకుండా వసారా మెట్టు మీదే నిలబడ్డాడు.

"అయ్యోరా, మనోళ్లని నవ్వులపాలు చేసే వేషం వెయ్యొచ్చునా, కూడదా? నేను వెయ్యకుంటే ఇంకోడు మొహానికి మసి పూసుకోని వేస్తాడు. జనం ఎట్టా అయినా నవ్వతారు. ఒక్క మాట చెప్పండి, పోయి ఆయనకి చెప్పేస్తా."

అయ్యవారు తిత్తి మూశారు. "కూర్చో" అన్నారు.

తెలుగు సినిమా బొమ్మలు మాట్లాడటం నేర్చిన కొత్తల్లో మర్జూక్ అనే నటుడు ఉండేవాడట. వాళ్ల తాతను సముద్రం అవతల ఆఫ్రికా నుంచి తెచ్చి నిజాం సర్కారు గుర్రపుదళంలో చేర్చారు. హైదరాబాదులో వాళ్లను సిద్దీలంటారు. తండ్రి సిపాయి, అన్న ముబారక్ సిపాయి. మర్జూక్‌కు మాత్రం గుర్రం మీద కన్నా నాటకం మీద ప్రాణం. పదిహేడో ఏట ఇల్లు వదిలి బెజవాడ చేరి, ఒక నాటకాల కంపెనీలో తెరలు లాగుతూ, దీపాల మసి తుడుస్తూ పద్యం నేర్చుకున్నాడు. అతని నోట ఒక్క ఒత్తు జారేది కాదు. తెర వెనక నుంచి పాడితే జనం చప్పట్లు కొట్టేవారు. పాడింది ఎవరో చూద్దామని తెర తీయిస్తే నవ్వేవారు. మద్రాసులో స్టూడియోల చుట్టూ మూడేళ్లు తిరిగాక దొరికింది ఒకటే వేషం, ఖజానా ముందు నిలబడి నిద్రపోయే కాపలావాడి వేషం. అతని రంగు అతనికి చాలదన్నట్టు మేకప్ మనిషి ఆముదంలో దీపపు మసి కలిపి పూసేవాడు. దొంగలు వచ్చి మీసం లాగినా ఆ కాపలావాడు లేవడు. రాజు వస్తే సగం కన్ను తెరిచి, కింది పెదవి వేలాడేసి, "మేలుకొనే ఉన్నా దొరా" అంటూ గోడ వెంట మెల్లగా జారి నేలకు చేరతాడు. ఆ జారడం కోసం అతను ఎనిమిది రోజులు సాధన చేశాడు. వెన్నుపూసలు ఒక్కొక్కటే విడిగా దిగుతున్నట్టు ఉండేది. బొమ్మ వంద రోజులు ఆడింది. బడిలో కునికేవాడి దగ్గర నుంచి కచేరీలో ఆవలించే గుమాస్తా దాకా అందరినీ ఆ మాటతోనే వెక్కిరించడం మొదలైంది.

వందో రోజు సభ నెల్లూరులో ఒక రేకుల హాల్లో పెట్టారు. ముందు కుర్చీలు, వెనక బెంచీలు, పక్కలంతా నేల టిక్కెట్టు జనం. హార్మోనియం దగ్గర అప్పటికి కుర్రవాడైన పెంచలయ్య. మరో రెండు బొమ్మల్లో అదే కాపలావాడి వేషానికి ఒప్పందం రాయించుకుని, ఆ సంగతి వేదిక మీద చెప్పాలని నిర్మాత సిద్ధంగా ఉన్నాడు. తెర వెనక గదిలో మర్జూక్ మొహానికి మసి పూయించుకుంటుండగా అన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. హైదరాబాదు నుంచి రైలు దిగి నేరుగా వచ్చాడు. ఒంటి మీద దళం దుస్తులు, తల మీద పాగా, నడుముకు జంబియా అనే వంకర కత్తి.

"కూర్చో భాయీజాన్" అన్నాడు మర్జూక్ లేచి.

"కూర్చోను. నేను కూర్చున్నానంటే నిద్రపోయాననుకుంటారు."

మేకప్ మనిషి నవ్వబోయి, వచ్చినవాడి మొహం చూసి, డబ్బా తీసుకుని బయటికి జారుకున్నాడు. పెంచలయ్య శ్రుతి చూసుకుంటూ మూలనే ఉండిపోయాడు. అన్నదమ్ములు మాట్లాడుకున్నది వాళ్ల హైదరాబాదు ఉర్దూలో. అతనికి ఆ భాష వచ్చని వాళ్లకు తెలియదు.

"నవాబుగారి దేవిడీ గేటు దగ్గర నా కాపలా" అన్నాడు ముబారక్. "కదలకూడదు, పలకకూడదు, ముక్కు మీద ఈగ వాలినా తోలకూడదు. ఇరవై రెండేళ్లు అట్లా నిలబడ్డాను. ఇప్పుడు దారిన పోయే ప్రతివాడూ ఆగుతాడు. నా మొహంలో మొహం పెట్టి నీ మాట అంటాడు. నేను కదలకూడదు. మొన్న మా సర్దారే అన్నాడు, గుర్రం దిగుతూ."

"అది వేషం భాయీజాన్."

"నీకు వేషం. పొద్దుగూకితే కడుక్కుంటావు. మేం దేంతో కడుక్కోవాలి?"

"పద్యం పాడతానంటే ఒక్కడూ గేటు తీయలేదు" అన్నాడు మర్జూక్. "నిద్రపోతానంటే తీశారు. లోపలికి వచ్చాను గదా. ఇంకొక్క రెండు బొమ్మలు కానీ, ఆ తర్వాత నేను అడిగిన వేషం ఇస్తారు."

"ఇంకో రెండు బొమ్మలైతే మన బస్తీలో మేలుకున్నవాడంటూ ఒక్కడూ మిగలడు." ముబారక్ గొంతు పెరగలేదు. "ఈరోజు వాళ్లందరి ముందూ చెప్పు, ఇక ఆ వేషం వెయ్యనని. చెప్తే నిన్ను నాతోపాటు అమ్మ దగ్గరికి తీసుకుపోతాను. మంచం పట్టింది, నిన్నే అడుగుతోంది. చెప్పకపోతే అమ్మకు ఒక్కడే కొడుకు."

మర్జూక్ తువ్వాలు తీసుకున్నాడు. మొహం మీది మసి అంతా తుడిచాడు, చెవుల వెనక కూడా వదలకుండా. అప్పుడు తెలుగులో, "పెంచలయ్యా, మోహన రాగంలో ఎత్తుకో. ఈరోజు నిద్ర లేదు" అన్నాడు. ముబారక్ తమ్ముడి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీశాడు. వేదిక పక్క మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు, గేటు దగ్గర నిలబడినట్టే.

మర్జూక్ ఎత్తుకున్నది, నిండు సభలో నిలబడి తన వంశం చెప్పుకునే ఒక వీరుడి పద్యం. మొదటి పాదానికి కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలు ఎత్తారు. రెండో పాదానికి నేల టిక్కెట్టు జనం కదలడం మొదలుపెట్టారు. "పాట కాదబ్బా, పడుకో" అన్నాడొకడు. "నిద్దరపో, నిద్దరపో" అని వెనక నుంచి అందుకున్నారు. అతను పాట ఆపలేదు. ఇంతలో మెట్ల దగ్గర నిలబడ్డవాడు ఎవడి కంటో పడ్డాడు. "రేయ్, ఇంకో సిపాయి కూడా ఉండాడ్రా ఈడ" అని కేక వినిపించింది. పది చేతులు కలిసి ముబారక్‌ను మెట్ల మీదికి నెట్టాయి. అదీ సభలో ఏర్పాటేననుకున్నాడో, జనం సంబరం చూసి అప్పటికప్పుడు అనుకున్నాడో, నిర్మాత మైకు దగ్గరికి వచ్చి, "ఇప్పుడు ఇద్దరూ కలిసి చెబుతారు" అన్నాడు. ముబారక్ కదల్లేదు, పలకలేదు. అలా బిగుసుకుని నిలబడటమే వాళ్లకు మరీ నవ్వు తెప్పించింది. అచ్చం బొమ్మలో లాగే ఉండాడే అనుకున్నారు. ఒకడు వేదిక ఎక్కి, బొమ్మలో దొంగలు చేసినట్టే, అతని మీసం పట్టుకుని లాగాడు.

ముబారక్ కుడిచెయ్యి నడుము మీదికి పోయింది. జంబియా ఒరలోంచి రెండు వేళ్ల మేర బయటికి వచ్చింది. అది చూసింది ఇద్దరే, పద్యం మధ్యలో ఉన్న మర్జూక్, అతని పక్కన కూర్చున్న పెంచలయ్య. మర్జూక్‌కు అన్న చెయ్యి తెలుసు. అది కత్తి దాకా పోయిందంటే ఉత్తినే వెనక్కి రాదు. ముందుకు ఉరికి ఆ చెయ్యి పట్టుకుంటే హాలంతా కత్తిని చూస్తుంది, అంత మందీ మీద పడితే అన్న ఒక్కడు. కేక వేస్తే ఆ గోలలో ఎవరికీ వినపడదు. మీసం పట్టినవాడు ఇంకా వదల్లేదు, రెండోసారి లాగబోతున్నాడు. మూడో పాదం సగంలో మర్జూక్ గొంతు ఆగింది.

అతని రెప్పలు వాలాయి. కింది పెదవి వేలాడింది. పక్కనున్న వెదురుగుంజకు వీపు ఆనించి, ఒక్కొక్క పూసే దించుతూ, జారడం మొదలుపెట్టాడు. "మేలుకొనే... ఉన్నా... దొరా."

హాలు బద్దలైంది. మీసం పట్టినవాడు చెయ్యి వదిలేసి, తిరిగి చూసి, పొట్ట పట్టుకున్నాడు. మర్జూక్ లేచాడు, మళ్లీ జారాడు. మూడోసారి ఇంకా మెల్లగా జారాడు, గుంజకు తల ఆనిన చోటు నుంచి కిందికి ఒక నిమిషం పట్టిందేమో. ఒక్క కన్ను కూడా ముబారక్ మీద లేకుండా పోయింది. కత్తి ఒరలోకి దిగింది. అతను మెట్లు దిగి, జనం మధ్య నుంచి, ఎవరి భుజమూ తగలకుండా నడిచి వెళ్లాడు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగాడు. అతనికి కనిపించింది ఒకటే. మాట ఇచ్చి పావుగంట కాకముందే, నోరు తెరుచుకుని నేల మీద పడి ఉన్న తమ్ముడు, లేచి నిలబడి చప్పట్లు కొడుతున్న ఊరు.

తర్వాత మర్జూక్ రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగి వచ్చాయి. తల్లి పోయిన కబురు నలభయ్యో రోజు దాటాక ఎవరో చెబితే తెలిసింది. అతను మరో పదకొండు బొమ్మల్లో అదే కాపలా కాశాడు. సిద్దీ యువకులు హైదరాబాదులో హాళ్ల ముందు నిలబడి, మా పరువు అమ్ముకున్నవాడి బొమ్మ చూడొద్దని జనాన్ని ఆపేవారు. ఒక పత్రికలో మాత్రం, మూసి ఉన్న తలుపు మొదట తీసినవాడు ఇతనేనని రాశారు. రెండిట్లో దేనికీ అతను జవాబు ఇవ్వలేదు.

పోలయ్య అడిగాడు. "కత్తి సంగతి వాళ్లన్నకి చెప్పలేదా?"

"వాళ్లన్నకి తెలీందేముంది? కత్తి ఆయనదే గదా. తమ్ముడు దాన్ని చూశాడని మాత్రం తెలీదు. లోకానికి చెప్తే అన్న కొలువు పోతుంది. కాపలాలో లేనప్పుడు కత్తి దూసినోడిని దళంలో ఉంచరు."

"అన్న చనిపోయినాకయినా చెప్పొచ్చు గదా."

"అప్పుడు నమ్మేదెవురు?"

పోలయ్య మెట్టు మీది నుంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "అయ్యోరా, ఆయన మొదట్లోనే ఆ వేషం ఒద్దనుంటే ఆ మీసం ఎవుడూ లాగేవాడు కాదు. ఆ వేషం రాకుంటే ఆ దినం అన్నని కాపాడేవాడూ కాదు. ఇంతకీ ఆయన చేసింది తప్పా, ఒప్పా? అది చెప్పండి. బస్సుకి టయిమవతా ఉంది."

అయ్యవారు తిత్తి తెరిచారు గానీ హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టలేదు.

"ఆయన ఎందుకు పడతన్నాడో ఆ హాల్లో తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. తెలిసి కూడా, మూడోసారి జారేటప్పుడు, నేనూ పగలబడి నవ్వినా. తప్పొప్పులు నన్నడగబాక అబ్బయ్యా."

ఇది తిరగరాసి పెడుతున్న హైమా, మీ పెదనాన్న అయ్యవారి దగ్గర పద్యం నేర్చుకున్నవాడే గదా, పెదనాన్నని అడిగి ఈ అన్నదమ్ముల పేర్లు సరిచూడమ్మా. ఒకరి పేరు ఇంకొకరికి పడనివ్వకు.